4.3 ప్రపంచ బ్యాంకు రుణ పనుల టెండర్లు: సలహాదారు పాత్ర

గరికపాడు పరిసరాల్లోని జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ప్రాంతానికి నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఒక ముఖ్య నీటి ఆధారం. సాగర్ కాలువల ఆధునికీకరణకు 2010లో ప్రపంచ బ్యాంకు రుణం మంజూరు చేసింది. ఇలాంటి ప్రాజెక్టులలో రుణం బ్యాంకుదైనా, టెండరు పిలిచేది, ఒప్పందం చేసుకునేది ప్రభుత్వ శాఖే. ప్రక్రియ తన నిబంధనల ప్రకారం జరిగిందా అన్నది బ్యాంకు పరిశీలిస్తుంది. కనుక "బ్యాంకులో మనవాళ్లున్నారు" అనే దళారీ మాటను నమ్మరాదు.

సలహాదారు చేయదగిన పనులు మూడు:

1. అర్హత పరిశీలన: టర్నోవరు, అదే తరహా పనుల అనుభవం, చేతిలోని పనులు పోగా మిగిలిన సామర్థ్యం లెక్కించాలి. చాలకపోతే జాయింట్ వెంచర్ గురించి ఆలోచించాలి.

2. సందేహ నివృత్తి: సందేహాలను ప్రీ-బిడ్ సమావేశంలోనో, లిఖితపూర్వకంగానో అడగాలి. జవాబు టెండరు పత్రాలు తీసుకున్న అందరికీ అందుతుంది.

3. పత్రాల తనిఖీ: బిడ్ సెక్యూరిటీ గడువు చాలకపోయినా బిడ్ తిరస్కరణకు గురికావచ్చు. అప్పుడు ఎంత తక్కువ ధర వేసినా ఫలితం ఉండదు.

2016 జూలై 1 నుంచి అమలైన కొత్త నిబంధనలు ధరతోపాటు నాణ్యత వంటి అంశాలనూ లెక్కలోకి తీసుకునే వీలు కల్పించాయి.

సలహాదారు రుసుము: టెండరుకు సంబంధించి ఎవరికి, ఎందుకు, ఎంత కమీషన్ లేదా రుసుము ఇచ్చారో బ్యాంకు ప్రామాణిక బిడ్ లేఖలో ప్రకటించాలి. అక్కడ రాయడానికి వెనుకాడే చెల్లింపు చేయకూడదు. మోసం, లంచం రుజువైతే బ్యాంకు సంస్థను నిషేధించి, పేరును బహిరంగంగా ప్రకటిస్తుంది. ఏడాదికి మించిన నిషేధాన్ని 2010 నాటి ఒప్పందం ప్రకారం ఆసియా అభివృద్ధి బ్యాంకు వంటివి కూడా పాటిస్తాయి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: సలహాదారుకు, దళారీకి గల భేదాన్ని వివరించండి.