చల్లటి పాలలోకి కాఫీ పాకం

మా అమ్మ అరిసెల పాకం పట్టడంలో పేరున్న మనిషి. పళ్ళెంలో నీళ్ళు పోసి, గరిటెతో పాకం చుక్క వేసి, వేళ్ళతో దగ్గరకు తీసి ఉండ చేసి చూసేది. ఆ ఉండ పళ్ళేనికి కొట్టుకున్న చప్పుడును బట్టి పొయ్యి ఆపేది. ఒక వేసవిలో పిల్లలు చల్లటి కాఫీ పాలు అడుగుతున్నారని కాఫీ పాకం కూడా అదే పద్ధతిలో పట్టింది. గిన్నెడు పల్చటి డికాషన్‌లో పంచదార పోసి, సన్న సెగ మీద తీగ పాకం వచ్చేదాకా కాచింది. గంటసేపు ఇల్లంతా కాఫీ వాసన. వీధిలో వెళ్ళేవాళ్ళు కూడా ఆగి అడిగారు. తీరా సీసాలో పోసిన పాకాన్ని పాలలో కలిపి తాగితే మాడు చేదు తగిలింది తప్ప కాఫీ వాసన లేదు.

ఎందుకలా అయిందో నాకు చాలా ఏళ్ళకు అర్థమైంది. ఇల్లంతా నిండిన ఆ వాసన గిన్నెలోంచి పోయినదే. కాఫీకి పరిమళాన్నిచ్చే పదార్థాలు వేడికి నిలవవు, ఆవిరితో పాటే లేచిపోతాయి. గిన్నెలో మిగిలేవి చేదు, వగరు, పులుపు. పైగా గింజలో సహజంగా ఉండే క్లోరోజెనిక్ ఆమ్లాలు ఎక్కువసేపు వేడి తగిలితే విడిపోయి క్వినిక్, కెఫీక్ ఆమ్లాలుగా మారతాయి. పొద్దున్న దింపిన డికాషన్‌ను సాయంత్రం మళ్ళీ మరిగించి తాగినవాళ్ళకు ఆ రుచి తెలుసు. గంటసేపు కాచిన పాకంలో అదే రుచి గడ్డకట్టి ఉంటుంది.

అందుకే కాఫీ పాకం విషయంలో నేను గట్టిగా పట్టుకున్న మాట ఒకటుంది. చిక్కదనం పంచదార తూకం వల్ల రావాలి, పొయ్యి వల్ల రాకూడదు. అరిసెలకైనా జాంగ్రీకైనా పాకం కాచడమంటే నీటిని ఆవిరి చేసి పంచదార శాతాన్ని పెంచడమే. ఆ శాతం ఎంత కావాలో ముందే తెలిస్తే, అన్ని నీళ్ళకు అంత పంచదార తూచి వేసి, కరిగేంతవరకు వేడి చేసి దింపేయొచ్చు. అప్పుడు ఎగిరిపోవాల్సిన నీళ్ళు ఉండవు, వాటితో పాటు పోయే పరిమళమూ ఉండదు. దీనికి అవసరమైనదల్లా గ్రాములు చూపించే చిన్న తూకం. గ్లాసులతో కొలిస్తే లావు పలుకు పంచదారకు ఒక బరువు, సన్న పలుకుకు ఇంకొక బరువు వస్తుంది.

పంచదార పని తర్వాత, ముందు డికాషన్ సంగతి చూడాలి. పాకంలో కాఫీ రుచి ఎంత ఉండాలో నిర్ణయించేది అదే. దీనికి మన ఇళ్ళలోని ఇత్తడి లేదా స్టీలు ఫిల్టర్‌ను మించినది నాకు కనిపించలేదు. పై గిన్నెలో 75 గ్రాముల ఫిల్టర్ కాఫీ పొడి వేసి, చదును చేసి, గొడుగు పెట్టి మెత్తగా ఒత్తాలి. గట్టిగా అదిమితే డికాషన్ గంటలు గడిచినా దిగదు, అసలు ఒత్తకపోతే నీళ్ళు పొడిని సరిగా తడపకుండానే జారిపోతాయి. మరిగి, బుడగలు అణిగిన నీళ్ళు ముందు కొద్దిగా, గొడుగు చుట్టూ పొడి తడిసేలా పోసి అర నిమిషం ఆగాలి. పొడి ఉబ్బుతుంది, చిన్న చిన్న బుడగలు వస్తాయి. తాజాగా వేయించిన గింజలో చిక్కుకున్న బొగ్గుపులుసు వాయువు అది. అది పోయాక మిగతా నీళ్ళు పోసి మూత పెట్టాలి. మొత్తం 350 మిల్లీలీటర్లు పోస్తే కింది గిన్నెలోకి సుమారు 200 దిగుతాయి. మిగతావి పొడిలోనే ఉండిపోతాయి, ఎందుకంటే పొడి తన బరువుకు దాదాపు రెండింతల నీటిని పట్టి ఉంచుకుంటుంది. ఈ మొదటి డికాషన్ ఒక్కటే పాకానికి వాడాలి. అదే పొడి మీద మళ్ళీ నీళ్ళు పోసి దింపిన రెండో డికాషన్‌ను ఇంట్లోవాళ్ళ వేడి కాఫీకి ఉంచుకోండి. పాకంలో కలిపితే మొత్తం పల్చబడి, మళ్ళీ కాచాలనిపిస్తుంది. కాచామంటే కథ మొదటికొస్తుంది.

కింది గిన్నెలోకి దిగేటప్పుడు ఒకసారి చెవిపెట్టి వినండి. మొదట్లో చుక్కలు ఆగి ఆగి పడతాయి, తర్వాత వరుసగా, చివరికి మళ్ళీ నెమ్మదిగా. ఆ చివరి చుక్కల కోసం గొడుగును అదమకూడదు. వచ్చేది వగరే.

పొడిలో చికోరీ ఉండాలా వద్దా అన్నది పాత తగాదా. వేడి కాఫీకి నేను చికోరీ లేని పొడినే ఇష్టపడతాను. అరకు లోయ గిరిజన రైతులు పండించే అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అలాంటి గింజలో చికోరీ కలపడానికి నాకు చెయ్యి రాదు. కానీ పాకానికి వచ్చేసరికి నా అభిప్రాయం వేరు. చల్లదనం నాలుకను మొద్దుబారుస్తుంది. తీపి తక్కువ తెలుస్తుంది, వాసన తక్కువ లేస్తుంది. సున్నితమైన పూల పరిమళం, పళ్ళ పులుపు చల్లటి పాలలో కలిసి కనబడకుండా పోతాయి. అక్కడ నిలిచేది చిక్కదనం, ముదురు రంగు, వేయించిన చేదు. చికోరీ ఇచ్చేవి సరిగ్గా అవే. చికోరీ అంటే ఒక మొక్క వేరు. గుజరాత్‌లోని జామ్‌నగర్ వైపు, ఉత్తరప్రదేశ్‌లోని ఎటా వైపు పండిస్తారు. వేరును ఎండబెట్టి వేయించినప్పుడు అందులోని ఇన్యులిన్ అనే పిండిపదార్థం మాడి గోధుమరంగు తిరుగుతుంది. నీటిలోకి కాఫీ పొడి కంటే చికోరీ చాలా ఎక్కువ దిగుతుంది, అందుకే డికాషన్ అంత చిక్కగా కనిపిస్తుంది. చికోరీ కలిపిన పొడిలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలన్నది మన దేశంలో చట్టం. ఎంత శాతమో ప్యాకెట్ మీద రాసి ఉంటుంది, చదివి కొనండి. పాకానికి 80 పాళ్ళ కాఫీ, 20 పాళ్ళ చికోరీ నాకు కుదిరింది.

ఈ జోడీ పాకం రూపంలో సీసాకెక్కడం కొత్త సంగతి కాదు. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో 1876 నుంచే క్యాంప్ కాఫీ పేరుతో కాఫీ, చికోరీ, పంచదార కలిపిన చిక్కటి ద్రవాన్ని అమ్మారు. భారతదేశంలో ఉన్న స్కాటిష్ సైనికుల కోసం తయారైందని చెబుతారు. సీసా మీద ఉండే బొమ్మలో ఒక స్కాటిష్ సైనికుడు గుడారం ముందు కూర్చుని ఉంటే, ఒక సిక్కు చేతిలో పళ్ళెంతో నిలబడి ఉండేవాడు. తర్వాతి కాలంలో బొమ్మ మార్చారు. ఇప్పుడు ఆ సిక్కు కూడా పక్కన కూర్చుని కాఫీ తాగుతూ కనిపిస్తాడు. ఆ సీసా మీద బొమ్మ మారడానికి వందేళ్ళకు పైగా పట్టింది.

పాలలో కాఫీ పాకం కలుపుకుని తాగడం ఊరి పేరంత ముఖ్యమైనచోటు మాత్రం అమెరికాలోని రోడ్ ఐలాండ్. ఆ దేశంలో అన్నిటికంటే చిన్న రాష్ట్రం. 1993లో కాఫీ పాలను తమ రాష్ట్ర అధికారిక పానీయంగా ప్రకటించుకున్నారు. అక్కడ గ్లాసెడు చల్లటి పాలలో రెండు పెద్ద చెంచాల పాకం పోసి కలపడమే పద్ధతి. అందులో ఐస్‌క్రీమ్ కూడా వేసి గిలకొడితే దాన్ని క్యాబినెట్ అంటారు. బడి పిల్లల నుంచి తాతయ్యల దాకా తాగుతారు. మనకు బాదం పాలు ఎంతో వాళ్ళకు అది అంత. వాళ్ళ కొలతనే నేనూ తీసుకున్నాను. రెండు పెద్ద చెంచాలంటే 30 మిల్లీలీటర్లు.

ఇక పంచదార. ఇక్కడ రెండు దారులున్నాయి, రెండిటికీ కారణాలున్నాయి.

నిల్వ ముఖ్యమనుకుంటే 200 గ్రాముల డికాషన్‌కు 350 గ్రాముల పంచదార. డికాషన్ ఇంకా వేడిగా ఉండగానే గిన్నెలో పోసి, పంచదార వేసి, సన్న సెగ మీద అడుగు నుంచి కలుపుతూ పలుకు కరిగేదాకా మాత్రమే ఉంచాలి. అంచుల్లో చిన్న బుడగలు కనిపించగానే దింపేయాలి. మూడు, నాలుగు నిమిషాల పని. మొత్తం 400 మిల్లీలీటర్ల పైచిలుకు వస్తుంది. ఇంకా ఎక్కువ పంచదార ఎందుకు వేయకూడదంటే, చల్లటి నీరు పట్టుకోగలిగిన పంచదారకు ఒక హద్దు ఉంది. ఫ్రిజ్ చల్లదనంలో ఆ హద్దు దాదాపు 65 శాతం. దాన్ని దాటితే వారానికల్లా సీసా అడుగున పటికబెల్లం పలుకుల్లా గడ్డ కడుతుంది. పైన చెప్పిన కొలత సరిగ్గా హద్దు దగ్గర ఆగుతుంది. ఇంత పంచదార ఉన్నచోట బూజుకూ సూక్ష్మజీవులకూ వాడుకోవడానికి నీరు దొరకదు, అందుకే ఈ పాకం ఫ్రిజ్‌లో నెల దాటి నిలుస్తుంది. ఊరగాయలో ఉప్పు చేసే పనే ఇక్కడ పంచదార చేస్తుంది.

అయితే లెక్క చూడండి. ఆ పాకం 30 మిల్లీలీటర్లు పోస్తే గ్లాసులోకి సుమారు 25 గ్రాముల పంచదార వెళుతుంది, అంటే ఐదు చిన్న చెంచాలు. పెద్దవాళ్ళు రోజు మొత్తం మీద అంతకు మించకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పరిమాణం ఇంచుమించు అదే. పోనీ పాకం తగ్గించి పోద్దామంటే కాఫీ కూడా తగ్గి, పాలు ఉత్త తీపి నీళ్ళలా అవుతాయి. మా ఇంట్లో మధుమేహం ఉన్నవాళ్ళున్నారు, పిల్లలున్నారు. ఈ విషయాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. అందుకే రోజువారీ వాడకానికి రెండో దారి పట్టాను. అదే 200 గ్రాముల డికాషన్‌కు 200 గ్రాముల పంచదార, సరిసమానం. 320 మిల్లీలీటర్ల దాకా వస్తుంది. ఇందులో 30 మిల్లీలీటర్లు పోస్తే పంచదార 19 గ్రాములకు దిగుతుంది, కాఫీ మాత్రం ఏడు గ్రాముల పొడికి సరిపడా ఉంటుంది, అంటే ఒక మంచి కప్పు కాఫీ అంత. పల్చగా ఉంటుంది, చెంచాకు పట్టదు, పది రోజులకు మించి ఉంచకూడదు. నాకు ఆ బేరం సమ్మతమే. చిన్న సీసాలు పట్టి, అయిపోయాక మళ్ళీ చేసుకుంటాను. మధుమేహం ఉన్నవాళ్ళకు మాత్రం ఏ పాకమూ కాదు. వట్టి డికాషన్‌నే చల్లార్చి పాలలో కలిపి ఇస్తాను. చిన్నపిల్లలకు కెఫీన్ ఎందుకనుకుంటే వట్టి చికోరీతో ఇదే పాకం పట్టొచ్చు. అందులో కెఫీన్ ఉండదు, రంగూ చేదూ మాత్రం కాఫీ పోలికే. నీళ్ళలోకి బాగా దిగుతుంది కాబట్టి పొడి సగానికి తగ్గించండి. చేదు ఎక్కువనిపిస్తే, ఏ పాకంలోనైనా సరే, చిటికెడు ఉప్పు వేయండి. ఉప్పదనం తెలియదు, చేదు మాత్రం మెత్తబడుతుంది.

సీసాలో పోయడంలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. వేడి పాకం పోసి వెంటనే మూత బిగిస్తారు. లోపలి ఆవిరి మూతకు తగిలి నీటిచుక్కలై మళ్ళీ పాకం మీదే పడుతుంది. పాకం బరువు, నీరు తేలిక. అందుకని ఆ నీరు పైనే పల్చటి పొరలా నిలుస్తుంది. కింద ఎంత చిక్కటి పాకమున్నా బూజుకు ఆ పై పొర చాలు. శుభ్రంగా కడిగి, వేడినీళ్ళలో మరిగించి, తడి లేకుండా ఆరబెట్టిన గాజు సీసాలో పోసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి, పూర్తిగా చల్లారాక మూత పెట్టాలి. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టనివ్వని ఇంటిలో ఈ మాట రెండోసారి చెప్పనక్కర్లేదు.

బెల్లంతో చేయొచ్చా అని అడుగుతారు. చేయొచ్చు, రుచి బాగుంటుంది, కాఫీకీ బెల్లానికీ పొత్తు కుదురుతుంది. కానీ బెల్లం పాకాన్ని వడకట్టి ఇసుక, నలుసు తీయాలి. ఇంకో సంగతి, దాన్ని వేడి పాలలో పోయకూడదు. పరమాన్నం దింపి, కాస్త చల్లార్చాక బెల్లం కలపడం ఎందుకో తెలిసినవాళ్ళకు కారణమూ తెలుసు. బెల్లంలోని పులుపుకు కాఫీ పులుపు తోడైతే మరిగే పాలు ఇట్టే విరుగుతాయి. చల్లటి పాలలో ఆ భయం చాలా తక్కువ.

పాల సంగతి తొందరగా చెప్పేస్తాను. కాచి, చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టినవి వాడాలి. మీగడ తరకలు వడకట్టాలి. మూడు శాతం వెన్న ఉండే టోన్డ్ పాలు సరిపోతాయి, ఆరు శాతం ఉండే ఫుల్ క్రీమ్ అయితే చేదు ఇంకా మెత్తబడుతుంది. ఐస్ ముక్కలు వేయకండి, అవి కరిగి పాలను నీళ్ళు చేస్తాయి. గ్లాసునే కాసేపు ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

ముందు పాలు పోసి తర్వాత పాకం పోయండి. సన్నటి ధారగా వంపితే అది పాలలోంచి నేరుగా అడుగుకు దిగి, గ్లాసు కింద నల్లటి పొరలా కూర్చుంటుంది. చెంచాను అడుగుదాకా దించి పైకి లేపితే గోధుమరంగు చారలు పాలలోకి పాకుతూ వస్తాయి. మూడు, నాలుగు సార్లు అలా లేపితే రంగంతా ఒకటవుతుంది. పైపైన తిప్పితే మాత్రం పొర అలాగే ఉండిపోతుంది.

సీసా అడుగుకొచ్చేసరికి గోడలకు పట్టుకుని ఇంకా రెండు చెంచాల పాకం ఉంటుంది. కడిగి పారేయకండి. సీసాలోనే గ్లాసెడు చల్లటి పాలు పోసి, మూత బిగించి, బాగా ఊపి, పైన నురగ ఉండగానే తాగేయండి. మా ఇంట్లో ఆ చివరి గ్లాసు ఎవరిదో వంతులవారీగా రాసి పెట్టుకుంటాం.