మీకు తెలుసా? ఈ లేబుళ్లను అచ్చువేసేది వేడి!

పప్పుల డబ్బాలకు పేర్లు అచ్చువేసే, చేతిలో ఇమిడే లేబుల్ ప్రింటర్లలో చాలావాటికి ద్రవ సిరా అక్కర్లేదు. చవక రకాల్లో కాగితం మీద పూసిన రసాయనం వేడి తగిలిన చోట నల్లబడి అక్షరమవుతుంది. అందుకే ఆ లేబుల్ పొయ్యి సెగకు మొత్తం నల్లబడవచ్చు, ఎండకు వెలిసిపోవచ్చు. వంటింటికి లామినేటెడ్ టేపే మేలు. అక్షరాలు రెండు ప్లాస్టిక్ పొరల మధ్య ఉంటాయి కనుక తడి, నూనె వాటిని అంటవు.

1958లో మొదలైన అమెరికా కంపెనీ డైమో తెచ్చిన పాత పరికరాలకు ఈ వేడి కూడా లేదు. అక్షరం గట్టిగా ఒత్తిన చోట రంగు ప్లాస్టిక్ సాగి, దానంతటదే తెల్లబడేది. ఎంత అందమైన ఆలోచన!

లేబుల్ అంటించేముందు డబ్బాకున్న జిడ్డు తుడవండి. సరుకు పేరుతోపాటు కొన్న తేదీ కూడా వేయండి.