సగం నలుపు, సగం ఎరుపు

అమీర్‌పేట చౌరస్తాలో నిలబడితే ఇక్కడ పాతది అంటూ ఏమైనా ఉందా అనిపిస్తుంది. ఎటు చూసినా కోచింగు సెంటర్ల బోర్డులు, నెత్తిమీద మెట్రో రైలు. కాని ఇక్కడికి ఈశాన్యంగా ఆరేడు కిలోమీటర్లు వెళితే హష్మత్‌పేట వస్తుంది. ఇంకా తూర్పుకు పోతే మౌలాలి గుట్ట. పడమటి వైపు గచ్చిబౌలిలో హైదరాబాదు విశ్వవిద్యాలయం. ఈ మూడు చోట్లా ఇనుపయుగం నాటి సమాధులు బయటపడ్డాయి.

ఇలాంటి సమాధులకు గుర్తు, నేలమీద వలయంగా పేర్చిన పెద్ద పెద్ద గుండ్లు. వలయం మధ్య గొయ్యి తీసి, చాలాచోట్ల రాతిపలకలతో పెట్టెలా కట్టి, చనిపోయినవారి ఎముకలతోపాటు కుండలు, ఇనుప పనిముట్లు ఉంచేవారు. పైన రాళ్ళు కప్పేవారు. పల్లెల్లో వీటిని రాకాసి గుళ్ళనీ, పాండవుల గుళ్ళనీ అంటారు. ఇంతేసి బండలు మామూలు మనుషులు కదిలించలేరని మన పెద్దల ఊహ! చరిత్రకారులు బృహత్ శిలాసమాధులు అంటారు. దక్షిణ భారతదేశంలో ఇవి ఎక్కువగా క్రీ.పూ. 1000 తరువాతి కాలానివి.

ఆ మనుషులు మనకు రాతలు మిగల్చలేదు. కుండలమీద గీసిన కొన్ని గుర్తులు మాత్రం ఉన్నాయి. నిజాం రాజ్యపు పురావస్తు శాఖకు తొలి డైరెక్టరైన గులాం యజ్దానీ 1917లోనే వాటిపై వ్యాసం ప్రచురించారు. అవి అక్షరాలో, కుమ్మరి గుర్తులో ఈనాటికీ తేలలేదు.

గుర్తుల సంగతి అలా ఉంచి, అసలు కుండనే చూద్దాం. ఈ సమాధుల్లో దొరికే కుండల్లో ఒక రకం చిత్రంగా ఉంటుంది. లోపలంతా నలుపు, బయట మూతి దగ్గరా నలుపే. కింది భాగం మాత్రం ఎరుపు. రంగు పూశారా? లేదు, నిప్పే ఆ రెండు రంగులనూ ఇచ్చింది.

బంకమట్టిలో కొంత ఇనుము కలిసి ఉంటుంది. మట్టిని కాల్చేటప్పుడు గాలి బాగా తగిలితే ఆ ఇనుము ఆక్సిజన్‌తో కలిసి ఎర్రని ఐరన్ ఆక్సైడు అవుతుంది. ఇటుక ఎరుపుకూ, తుప్పు ఎరుపుకూ కారణం ఇదే. గాలి అందకపోతే ఆ ఎరుపు రాదు. పైగా పొగలోని కార్బను మట్టి రంధ్రాల్లోకి చొరబడి నలుపెక్కిస్తుంది. కుండను ఊకలోనో, ఆకుల్లోనో మూతి కూరుకుపోయేలా బోర్లించి కాల్చారనుకోండి. మూతికీ లోపలికీ గాలి అందదు, పైకి ఉన్న అడుగుకు అందుతుంది. అంతే, ఒకే ఆవంలో రెండు రంగులు! రెండుసార్లు కాల్చి ఉంటారని వాదించేవారూ లేకపోలేదు. ఏదైనా, నిప్పునూ గాలినీ అదుపులో పెట్టడం ఆ కుమ్మరికి బాగా తెలుసు. రాతినుంచి ఇనుము తీయడానికీ కావలసింది ఈ నేర్పే. ఆ ఇనుముతో చేసిన కత్తులూ గొడ్డళ్ళూ అదే సమాధిలో కుండల పక్కన దొరకడం గమనించండి.

కుండ తన వయసు కూడా చెబుతుంది. నేలలోని యురేనియం, థోరియం, పొటాషియం నుంచి అతి కొద్దిగా రేడియోధార్మిక కిరణాలు ఎప్పుడూ వెలువడుతుంటాయి. హైదరాబాదు గ్రానైట్ నేలలో ఇవి కొంచెం ఎక్కువే. మట్టిలోని ఇసుకరేణువులు ఆ శక్తిని కొంచెం కొంచెంగా దాచుకుంటాయి. ఆవంలో కాల్చినప్పుడు దాచుకున్నదంతా ఖాళీ అయిపోతుంది. అక్కడినుంచి లెక్క మళ్ళీ సున్నాతో మొదలు. వేల ఏళ్ళ తరువాత ప్రయోగశాలలో ఆ రేణువులను వేడిచేస్తే దాచుకున్న శక్తి సన్నని వెలుగుగా బయటికి వస్తుంది. వెలుగు ఎంత ఎక్కువైతే అంత పాత కుండ అన్నమాట.

అయితే ఇక్కడ ఒక చిక్కుంది. రేణువులు ఏడాదికి ఎంత శక్తి దాచుకున్నాయో తెలియాలంటే కుండ పడి ఉన్న చోటి మట్టిని కూడా పరీక్షించాలి. పునాది తవ్వేటప్పుడు కుండ దొరికిందని ఇంటికి తెచ్చుకుని, ఆ మట్టిని లారీలో పారబోస్తే, గడియారం ఉండి కూడా ముల్లు ఊడిపోయినట్లే. దాని పక్కన ఏ ఎముక, ఏ ఇనుపముక్క ఉందో అదీ ఇక తెలియదు. గచ్చిబౌలి విశ్వవిద్యాలయ ఆవరణలో దొరికిన ఇనుప వస్తువులు క్రీ.పూ. 2200 నాటివని అక్కడి పరిశోధకులు 2015లో ప్రకటించారు. అంత పాతకాలాన్ని పండితులందరూ ఒప్పుకోలేదు. ఇలాంటి వాదం తేలాలంటే ఇంకా ఎన్నో సమాధులను పద్ధతిగా తవ్వి చూడాలి. నగరం చుట్టూ చూస్తే, గుండ్లను పగలగొట్టి కంకర చేస్తున్నారు, వలయాలు ప్లాట్లవుతున్నాయి. భూమిలో దొరికిన పాత వస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం ఉంది. కాని ఆ చట్టం పేరు విన్న మేస్త్రీలు ఎందరు?

అమీర్‌పేటలో మెట్రో ఎక్కి, పంజాగుట్ట మీదుగా అసెంబ్లీ స్టేషనులో దిగితే పబ్లిక్ గార్డెన్స్ దగ్గరే. అక్కడి రాష్ట్ర పురావస్తు మ్యూజియానికి వెళ్ళినవారు చాలామంది ఈజిప్టు మమ్మీని చూసి వచ్చేస్తారు. మీరు ఈసారి చరిత్రకు పూర్వపు వస్తువులున్న అరల దగ్గర కూడా ఆగండి. రెండు రంగుల కుండ కనబడితే నలుపూ ఎరుపూ కలిసేచోట గీత ఎలా ఉందో పరీక్షగా చూడండి. అది గీసినట్లు తిన్నగా ఉండదు. ఒకచోట పైకి, ఒకచోట కిందికి పోతుంది. ఆ రోజు ఆవంలో ఊక ఎంతవరకు కప్పి ఉందో ఆ వంకరగీతే చెబుతుంది.