వెలుగు సోకితే మేల్కొనే ప్రోటీను

పుదుచ్చేరి సముద్రతీరాన, గాంధీ విగ్రహం దగ్గర సాయంకాలం గడిపే మన ఉద్యోగుల కుటుంబాలకు జెల్లీచేపలు కొత్త కావు. వాటి బంధువర్గపు సముద్రజీవి ఒకదానిలోని రంగు ప్రోటీనును మార్చి రష్యా శాస్త్రజ్ఞులు ‘కిల్లర్‌రెడ్’ను రూపొందించారు. పాండిచ్చేరి అధికారికంగా పుదుచ్చేరి అయిన 2006లోనే ఆ విషయం వెల్లడైనది.

పేరు భయంకరమే గాని, చీకటిలో ఇది సాధువు. ఆకుపచ్చ కాంతి సోకినపుడు మాత్రం చుట్టూ ఉన్న ఆక్సిజన్‌ను ఉగ్రరూపంలోకి మార్చి, తానున్న కణాన్నే దెబ్బతీస్తుంది.

మనకు దీనితో పని ఏమి? క్యాన్సర్‌కు కాంతిచికిత్స ఇదివరకే ఉన్నది. అయితే అందుకు రక్తంలోకి ఎక్కించే ఫోటోఫ్రిన్ అనే మందు చర్మంలోనూ నిలిచిపోతుంది. రోగి కనీసం 30 రోజులు ఎండ తగలకుండా ఉండవలెను. మన తీరప్రాంతపు ఎండల్లో అదెంత కష్టమో వేరుగా చెప్పనక్కరలేదు. కిల్లర్‌రెడ్‌ను ఎక్కించనక్కరలేదు, దాని జన్యువును పొందిన కణమే దానిని తయారుచేసుకొంటుంది. తక్కిన శరీరానికి ఆ బాధ ఉండదన్నదే ఆశ. జన్యువులు మార్చిన సూక్ష్మజీవులు అదుపు తప్పకుండా, వెలుగుతోనే వాటిని అంతం చేయవచ్చునని కృత్రిమ జీవశాస్త్రజ్ఞులు యోచిస్తున్నారు.

చిక్కులూ ఉన్నవి. ఆకుపచ్చ కాంతి కండరంలోకి లోతుగా చొరబడదు. జన్యువును కోరిన కణాలకే చేర్చడం అంతకన్న కష్టం. అందుచేత కిల్లర్‌రెడ్ నేటికీ ప్రయోగశాలలోనే ఉన్నది.