ఫిలడెల్ఫియా జ్వరం, మన వాకిట దోమ

వానలు పడి తొట్లలో, పాత టైర్లలో నీరు నిలిచే రోజులు రాగానే తిరుత్తణి, తిరువళ్ళూరు ప్రాంత గ్రామాలలో తల్లులు పిల్లల నుదుటిపై చేయి వేసి చూడడం మొదలవుతుంది. 2006లో చికున్‌గున్యా సరిహద్దుకు అటు, ఇటు అనే భేదం లేకుండా ఎందరినో మంచాన పడవేసింది. ఆ అనుభవం గల కుటుంబాలకు అమెరికా రచయిత్రి లారీ హాల్స్ ఆండర్సన్ 2000లో వెలువరించిన ‘ఫీవర్ 1793’ అనే ఆంగ్ల చారిత్రక నవల పరాయి కథగా తోచదు.

1793లో ఫిలడెల్ఫియా అమెరికా రాజధాని, జనాభా సుమారు 50,000. ఆగస్టు నుండి నవంబరు వరకు ఎల్లో ఫీవర్, అనగా పచ్చజ్వరం, అక్కడ సుమారు 5,000 మందిని బలిగొన్నది. ఇది మనమెరిగిన పచ్చకామెర్ల వంటిది కాదు. వైరస్ వలన కలిగే ఈ వ్యాధి ముదిరితే కాలేయం దెబ్బతిని కన్నులు, చర్మం పచ్చబడతాయి, నల్లని వాంతులవుతాయి.

కథానాయిక మ్యాటీ పద్నాలుగేళ్ళ బాలిక. ఆమె తల్లి కాఫీ హోటలు నడుపుతూ ఉంటుంది. తల్లికి జ్వరం సోకగానే మ్యాటీ తాతగారితో పల్లెకు బయలుదేరుతుంది. దారిలో ఒక ఊరి పొలిమేర వద్ద కావలివారు బండిని ఆపుతారు. తాతగారి దగ్గు విని అనుమానిస్తారు. బండివాడు ఇద్దరినీ నడిదారిలో విడిచిపోతాడు.

ఈ ఘట్టం చదివేటప్పుడు మన పాఠకులకు 2020 ఏప్రిల్ గుర్తుకు రాక మానదు. కరోనా భయంతో వేలూరు జిల్లా అధికారులు చిత్తూరు జిల్లాకు పోయే రెండు రోడ్లకు అడ్డంగా గోడలు కట్టించారు. విమర్శలు రాగానే పడగొట్టించారు. ఇటు పుట్టిల్లు, అటు మెట్టినిల్లు గల వారికి పొలిమేర మూసుకొనడమంటే ఏమిటో వివరించనక్కరలేదు.

నవలలో దొంగలు ఇంట జొరబడే భాగం కొంత నాటకీయమే. దానికన్న వైద్యుల వివాదం ఆసక్తికరం. నగరంలో పేరుమోసిన డాక్టరు బెంజమిన్ రష్ రోగుల నెత్తురు తీయించి, పాదరసపు మందుతో విరేచనాలు చేయించేవాడు. బుష్ హిల్ ఆసుపత్రిలోని ఫ్రెంచి వైద్యులు విశ్రాంతి, పానీయాలు, శుభ్రత చాలునన్నారు. నల్లజాతివారికి ఈ జ్వరం రాదని రష్ నమ్మి, వారిని సేవకు పిలిచాడు. అబ్సలోం జోన్స్, రిచర్డ్ అలెన్‌ల నాయకత్వాన ఫ్రీ ఆఫ్రికన్ సొసైటీ వారు రోగులకు ఉపచారం చేశారు, శవాలను మోశారు. వారిలోనూ అనేకులు మరణించారు. పైగా దోచుకున్నారనే నింద పడగా, ఆ నాయకులిద్దరూ 1794లో పుస్తకం అచ్చువేసి ఖండించవలసి వచ్చింది.

నవల మొదలయ్యేది మ్యాటీ చెవి వద్ద దోమ రొదతోనే. దానిని ఎవరూ పట్టించుకోరు. శీతకాలపు మంచు కురిసి దోమలు నశించాక జ్వరం ఆగింది కాని, కారణం ఆనాడెవరికీ తెలియదు. 1881లో క్యూబా వైద్యుడు కార్లోస్ ఫిన్లే దోమను అనుమానించాడు. 1900లో వాల్టర్ రీడ్ బృందం దానిని నిరూపించింది. ఈ లోపున, 1897లో మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. అది వేరు దోమ. పచ్చజ్వరాన్ని మోసే ఏడిస్ ఈజిప్టై దోమే డెంగీని, చికున్‌గున్యాను మోస్తుంది. అది మన వాకిట ఉన్నది.

భారతదేశంలో పచ్చజ్వరం ఇంతవరకు వ్యాపించలేదు. వ్యాధి ఉన్న ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశాలకు ఉద్యోగాలకై పోయేవారు కనీసం పది రోజుల ముందుగా టీకా వేయించుకోవాలి. చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో అది వేస్తారు. 2016 నుండి అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఒక్క టీకా ధ్రువపత్రం జీవితాంతం చెల్లుతుంది. డెంగీకి మాత్రం ఆ వెసులుబాటు లేదు. ఈ దోమ పగలు కుడుతుంది కనుక రాత్రి దోమతెర ఒక్కటే చాలదు. దాని గుడ్లు తొట్టి గోడలకు అంటుకొని, నీరు లేకున్నా నెలల తరబడి బ్రతుకుతాయి. అందుచేత నీరు పారబోసినంత మాత్రాన సరిపోదు. వారానికొకసారి గోలెం లోపలి అంచును పీచుతో గట్టిగా తోమి కడగాలి.