మెడమీద నల్లగీత

మదనపల్లె దగ్గర మా పొరుగు రైతు ఒకనాడు తన టమాటా తోటకు నన్ను పిలిచికొని వెళ్లాడు. ఆకులు మచ్చలు మచ్చలుగా తెల్లబడి, కాగితాల్లా ఎండుతున్నాయి. ఒక ఆకును వెలుతురుకెత్తి చూశాను. పైపొరకూ క్రిందిపొరకూ నడుమ పచ్చదనాన్ని తింటూ చిన్న పురుగు కదులుతున్నది. ప్రక్కమడిలో ఉర్లగడ్డ వేసి వుంది.

"ఇది ఉర్లగడ్డను తొలిచే పురుగే, అన్నా!" అన్నాను, అంతా తెలిసినవాడిలాగా. దాని ఎర తెప్పించి తోటలో బుట్టలు కట్టించాను. వారం గడిచింది. బుట్టలు ఖాళీ. కాయలకు మాత్రం గుండుసూదితో పొడిచినట్లు చిల్లులు!

"నువ్వు చెప్పింది ఉర్లగడ్డ పురుగు, పోయింది నా టమాటా, సామీ!" అన్నాడాయన. నాకు తల కొట్టేసినట్లయింది.

అప్పుడు గదా భూతద్దం తీశాను! ఈ రెండూ దాయాదులు. రెండింటి పుట్టిల్లూ దక్షిణ అమెరికాయే. మొదటిది 1906లో ఇటలీనుంచి వచ్చిన విత్తనపు గడ్డలతో మన దేశంలో దిగింది. రెండవదానికి మెయ్రిక్ అనే ఇంగ్లీషు బడిపంతులు 1917లో పేరు పెట్టాడు. అది పెరూలో దొరికినది. 2006లో స్పెయిన్ చేరి, 2014లో మన దేశంలో కనిపించింది. 2021లో శాస్త్రజ్ఞులు దానినికూడా ఉర్లగడ్డ పురుగు వుండే ఫ్తోరిమియా ప్రజాతిలోనే చేర్చారు.

రెండూ రెండు పైర్ల ఆకులనూ తొలుస్తాయి. కనుక ఆకును చూసి తీర్పు చెప్పరాదు. మెడ చూడాలి. ఉర్లగడ్డ పురుగుకు తలవెనుక పలక అంతా ముదురు గోధుమరంగు. టమాటా పురుగుకు ఆ పలక వెనుక అంచున సన్నని నల్లగీత మాత్రమే. రెక్కలు వచ్చాక మొదటిది కాస్త పెద్దది, గడ్డిరంగు. రెండవది చిన్నది, వెండి కలిసిన బూడిదరంగు. మొదటిది గడ్డలో దూరి, నిలవచేసిన కొట్టుదాకా వెంటవస్తుంది. రెండవది కాయలో దూరుతుంది.

బుట్టలోని ఎర ఆడపురుగు వాసనకు నకలు. ఒకదాని వాసనకు రెండవదాని మగపురుగు రాదు. నా బుట్టలు ఖాళీగా వుండడానికి కారణం అదే!

సరైన ఎర కట్టిన మరునాడే బుట్టలో రెక్కల పురుగులు పడ్డాయి. తొలిచిన ఆకులు ఏరి కాల్చాము. మొదటి కోతలో సగం కాయలు గుంట తీసి పూడ్చాము. మన్ను కప్పుతూ ఆయన, "ఆ గీత ముందే చూసివుంటే ఇవన్నీ సంతకు పోయేవి గదా, సామీ!" అన్నాడు.

ఇప్పుడు నా జేబులో భూతద్దం లేనిదే ఆ తోటలో అడుగుపెట్టను.