నాలుగక్షరాల ఊరు, పది సంకేతాలు

నర్సీపట్నం అని రాస్తే మన కంటికి కనిపించేవి నాలుగే అక్షరాలు: న, ర్సీ, ప, ట్నం. కంప్యూటర్‌కు మాత్రం అవి పది. న, ర, పొల్లు, స, గుడిదీర్ఘం, ప, ట, మళ్లీ పొల్లు, న, చివర సున్న. ఒక్కోదానికి ఒక్కో సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యల వరుసే యంత్రానికి తెలిసిన ఊరిపేరు. ఎవరైనా ‘నర్శీపట్నం’ అని రాశారనుకోండి (అలా రాసేవాళ్లు తక్కువేం కాదు), నాలుగో సంఖ్య మారిపోతుంది. మనకు అదే బస్టాండు, అదే సంత. యంత్రానికి అది వేరే ఊరు.

బడిలో గ్రంథాలయం చూసుకునే టీచరుకు ఈ సంగతి ఎందుకంటే, ఇప్పుడు వస్తున్న డిజిటల్ వనరుల మంచీ చెడూ చాలావరకు ఇక్కడే తేలుతుంది. ట్యాబులొచ్చాయి, పెద్ద తెరలొచ్చాయి, పాఠ్యపుస్తకం మీద నల్లచుక్కల చదరాలొచ్చాయి. వస్తువులు కొనడంలో చూపిన ఉత్సాహం వాటిలో ఉన్నదాన్ని వెతికి పట్టుకునే ఏర్పాటు మీద చూపలేదు. మన ఉన్నత పాఠశాలల్లో చాలాచోట్ల గ్రంథాలయం ఎవరో ఒక టీచరుకు అదనపు బాధ్యతే. పుస్తకాల బీరువా తాళంచెవితోపాటు ఇప్పుడు ఈ వెతుకులాట కూడా ఆ టీచరు చేతికే వచ్చింది.

తెలుగుకు ఆ సంఖ్యలు, అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో 1991 నుంచీ ఉన్నాయి. అంతకుముందే మన దేశం భారతీయ లిపులన్నిటికీ కలిపి ఇస్కీ అనే ప్రమాణం తయారుచేసుకుంది. యూనికోడ్ అందులోని వరుసనే దాదాపుగా తీసుకుని తెలుగుకు 128 గళ్లు కేటాయించింది. కాని గది ఉన్నంత మాత్రాన కాపురం మొదలవదు కదా! మామూలు కంప్యూటర్‌లో తెలుగు సరిగ్గా కనిపించడానికి 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. ఈలోగా మన అచ్చాఫీసులు, పత్రికలు తమ దారి తాము చూసుకున్నాయి. ఇంగ్లిషు అక్షరాల సంఖ్యల మీద తెలుగు ఆకారాలను తొడిగిన ఫాంట్లతో డీటీపీ నడిచింది. కాగితం మీద అది ముచ్చటైన తెలుగు. అదే పుస్తకం పీడీఎఫ్‌లోంచి ఒక పేరా కాపీ చేసి వాట్సాప్‌లో అతికిస్తే ఇంగ్లిషు అక్షరాలు, డాలరు గుర్తులు, బ్రాకెట్లు కలగలిసిన గందరగోళం. ప్రశ్నపత్రం తయారుచేసే టీచర్లలో దీన్ని చూడనివాళ్లు ఉండరేమో. ఫైలు పాడైందని అనుకుంటారు. పాడవలేదు. అసలు అందులో తెలుగు లేదు, తెలుగు వేషం ఉంది.

పాత పుస్తకాలది ఇంకో చిక్కు. వాటిని స్కాన్ చేస్తే వచ్చేది పేజీ బొమ్మ. అందులో మనకు కనిపించే ‘అ’ యంత్రానికి కొన్ని నల్లచుక్కలే. ఆ చుక్కల్లోంచి అక్షరాన్ని గుర్తుపట్టే పనిని ఓసీఆర్ అంటారు. ఇంగ్లిషుకు అది ఎప్పుడో నల్లేరు మీద బండి అయిపోయింది. తెలుగులో వరుస ఒక్క గీతమీద నడవదు. పైన తలకట్టు, గుడి, పక్కన కొమ్ము, కింద వత్తు. ఆ వత్తు కొన్నిసార్లు పక్కకు జరిగి కూర్చుంటుంది. పై వరుస వత్తు, కింది వరుస గుడి ఒకదానికొకటి తగిలాయంటే అది ఎవరి సొత్తో యంత్రం తేల్చుకోలేదు. ప, వ మధ్య తేడా తలకట్టు అతుకులో ఉంది. ద, ధ, థలను విడదీసేవి చిన్న గీత, చిన్న చుక్క. 80 ఏళ్లనాటి సీసపు అచ్చులో ఆ చుక్క అరిగిపోయి ఉంటుంది. ఈ పదేళ్లలో తెలుగు ఓసీఆర్ బాగా మెరుగుపడింది, ఒప్పుకోవాలి. అయినా చదివి దిద్దే మనిషి లేకుండా పిల్లల చేతికి ఇచ్చేంత కాదు.

తెలుగు పుస్తకాల స్కానింగులో పెద్ద పేరు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి తలపెట్టిన పది లక్షల పుస్తకాల పథకంలో అది భారతదేశపు భాగం. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ కూడా అందులో పాలుపంచుకుంది. వేల తెలుగు పుస్తకాలు బొమ్మలుగా బతికి బయటపడ్డాయి. అది చిన్న మేలు కాదు. కాని జాబితాలో వాటి పేర్లను ఇంగ్లిషు లిపిలో, ఎవరికి తోచిన స్పెల్లింగుతో వాళ్లు ఎక్కించారు. రచయిత పేరు ఒకచోట ఇంటిపేరుతో, మరోచోట పొట్టి అక్షరాలతో. ఉన్న పుస్తకం దొరకదు. దొరికినది తెరిస్తే వేరేది. తర్వాత తెలుగు వికీపీడియా ఔత్సాహికులు కూర్చుని ఆ జాబితాను తెలుగులోకి తిరగరాశారు. నన్నడిగితే స్కానింగు యంత్రాలకు వచ్చినంత పేరు ఆ తిరగరాతకూ రావాలి. ఆ అసలు సైటు తరువాత మూతపడింది, పుస్తకాల ప్రతులు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయి.

ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీని 2018 జూన్‌లో జాతికి అంకితం చేశారు. పేరు చూసి అన్ని పుస్తకాలూ అక్కడే పేర్చి ఉన్నాయనుకుంటాం. అది ముఖ్యంగా పెద్ద కేటలాగు. ఏ సంస్థ దగ్గర ఏముందో చెప్పి అక్కడికి దారి చూపిస్తుంది. ఆ కేటలాగులో నింపిన పేరు ఎంత శుద్ధంగా ఉంటే మన వెతుకులాట అంత ఫలిస్తుంది.

ఇప్పుడు నర్సీపట్నం పిల్లలకు సొంతమైన పాఠం ఒకటి తీసుకుందాం. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి చేసింది. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. ఈ ఊళ్లన్నీ ఇక్కడి పిల్లలకు చుట్టాలున్న ఊళ్లే. మూలపత్రాలు వెతికి తెమ్మంటే ‘అల్లూరి’ అని కొట్టి వచ్చినదాన్ని రాసుకొస్తారు. ఆనాటి ప్రభుత్వ కాగితాల్లో విశాఖపట్నం ‘వైజాగపటం’. ప్రాంతం పేరు గొలుగొండ ఏజెన్సీ, గూడెం. ఉద్యమానికి బ్రిటిష్ వాళ్లు పెట్టిన పేరు రంప పితూరీ. ఇక 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోకి, చింతపల్లి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. ఒకే సంఘటనకు ఇన్ని చిరునామాలు! గ్రంథాలయ శాస్త్రంలో దీనికి పాత మందు ఉంది. ఒక పేరును ప్రధానంగా నిర్ణయించి, మిగతా రూపాలన్నిటినీ దాని కింద ‘ఇది చూడుడు’ అని కట్టేస్తారు. ఒక తెల్లకాగితం మీద ఇక్కడి ఊళ్లకు, మనుషులకు, సంఘటనలకు ఉన్న పేర్లన్నీ తెలుగులో, ఇంగ్లిషులో రాసి కంప్యూటర్ పక్కన అంటిస్తే బడి స్థాయికి అది చాలు. సోషల్ టీచరూ తెలుగు టీచరూ కలిసి కూర్చుంటే ఒక మధ్యాహ్నం పని. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా చేరిన లెక్కల మాస్టారు రంగనాథన్, 1931లో గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు ప్రకటించారు. పాఠకుడి సమయం ఆదా చెయ్యాలన్నది వాటిలో నాలుగోది. అప్పటికి నర్సీపట్నం కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే.

పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ సంగతికి వద్దాం. పాఠం వీడియో ఆ చదరంలోనే దాగుందని చాలామంది పిల్లలు నమ్ముతారు. అతి పెద్ద క్యూఆర్ కోడ్‌లోనైనా పట్టేది 7,089 అంకెలే. అందులో వీడియో ఎక్కడ పడుతుంది? ప్రభుత్వ డిజిటల్ పాఠాల వేదిక దీక్షా కోడ్‌లో ఉండేది చిరునామా మాత్రమే. చదరం కింద అచ్చేసిన ఆరక్షరాలు అదే చిరునామాకు పొట్టిరూపం. కెమెరా పనిచెయ్యకపోతే వాటిని టైపు చేసినా పాఠం తెరుచుకుంటుంది. ఇందులో ఒక తెలివి ఉంది. చిరునామా మార్చకుండా ఆ ఇంట్లో సామాను మార్చొచ్చు. పుస్తకం మళ్లీ అచ్చెయ్యకుండానే పాఠం కొత్తదవుతుంది. కిందటేడు పనికిరాదని వదిలేసిన కోడ్‌ను ఈ ఏడు మళ్లీ స్కాన్ చేసి చూడాలి. కోడ్ మీద సిరా మరక పడినా భయం లేదు. 1994లో జపాన్ డెన్సో సంస్థలో మసహిరో హరా బృందం దీన్ని కారు విడిభాగాల కోసం తయారుచేసింది. ఫ్యాక్టరీలో జిడ్డు తప్పదని తెలిసి సమాచారానికి గణిత పద్ధతిలో అదనపు కాపలా పెట్టారు. ఎంచుకున్న స్థాయిని బట్టి 7 నుంచి 30 శాతం దాకా చెరిగినా చదవొచ్చు. మూలల్లోని మూడు పెద్ద చదరాలను మాత్రం కాపాడండి. యంత్రం కోడ్‌ను పట్టుకునేది వాటితోనే.

అయితే చిరునామా ఉన్నా దారి ఉండాలి. నర్సీపట్నంలో సిగ్నల్ ఉంటుంది. ఘాట్ ఎక్కి లంబసింగి, చింతపల్లి దాటి లోపలి బడులకు పోతే ఫోన్ చాలాచోట్ల చేతిగడియారమే. గుంటూరు జిల్లా కాలువల మీద 1930ల్లో పాతూరి నాగభూషణం వంటివారు పడవలో పుస్తకాలు తిప్పారు. ఇప్పుడు మెమొరీ కార్డు ఆ పని చేస్తుంది. దీక్షా యాప్‌లో దించుకున్న పాఠాన్ని నెట్ లేకుండానే ఇంకో ఫోన్‌కు పంపొచ్చు. కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తెలుగు వికీపీడియా మొత్తాన్ని ఒకే ఫైలుగా దించుకుని నెట్ లేకుండా చదవొచ్చు, అందులో వెతకొచ్చు కూడా. 2015లో ప్రథమ్ బుక్స్ మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలున్నాయి. మూలం చెప్పి వాడుకోవడానికి, అచ్చేసుకోవడానికి, స్థానిక భాషలోకి మార్చుకోవడానికి వాటి లైసెన్సు ఒప్పుకుంటుంది. అరచేతిలో ఇమిడే రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్‌లో ఇవన్నీ వేసి వైఫై వదిలితే తరగతిలోని ట్యాబులన్నీ దానికి తగులుకుంటాయి. నెట్ బిల్లు లేదు. పిల్లలు రీల్స్‌లోకి జారిపోయే ప్రమాదమూ లేదు!

ఆ పెట్టెలో ఏం పెట్టొచ్చు అన్నది మాత్రం చూసుకోవాలి. మన చట్టంలో రచయిత పోయిన తరువాతి ఏడాది మొదలు 60 ఏళ్లు కాపీహక్కు ఉంటుంది. గురజాడ, వీరేశలింగం, చిలకమర్తి ఎప్పుడో అందరి సొత్తయ్యారు. 1952లో పోయిన అడివి బాపిరాజు రచనలు 2013 నుంచి, 1958లో పోయిన ఉన్నవ లక్ష్మీనారాయణవి 2019 నుంచి స్వేచ్ఛగా వాడుకోవచ్చు. విశ్వనాథకు 2036 చివరిదాకా, చలానికి 2039 దాకా, శ్రీశ్రీకి 2043 దాకా ఆగాలి. గ్రూపుల్లో తిరిగే పీడీఎఫ్‌లలో ఈ తేడా కనిపించదు. నెట్‌లో దొరికిందంటే ఉచితమేనని అర్థం కాదు.

ఇంకొక్క మాట. కివిక్స్ ఫైలు పేరులోనే అది ఏ ఏడు, ఏ నెలలో తయారైందో రాసి ఉంటుంది. దాన్ని పుస్తకాల అక్సెషన్ రిజిస్టర్‌లోనే ఒక వరుసలో ఎక్కించాలి: ఏ పెట్టె, ఏ ఫైలు, ఏ తేదీది, ఎవరు వేశారు. కొత్తది వచ్చినప్పుడు పాతదాన్ని కొట్టేసి పక్కన తేదీ వేస్తే, తరువాత బదిలీ మీద వచ్చే టీచరు అక్కడి నుంచి పని అందుకోగలుగుతారు.